పదహారేండ్ల ముఖం

మా అమ్మ ఏడేండ్ల పాటు మా నాయనతో నేరుగా మాట్లాడలేదు. ఆయన ముందు కంచం పెట్టి, గోడకేసి చూస్తూ "పెట్టినాను" అనేది, అంతే. ఆయన ఒక ముఖానికి కళ్లు తెరిచాడని, అందువల్లే తన కొడుకు సముద్రం దాటిపోయాడని ఆమె కోపం. నిజానికి కళ్లు తెరవమన్నది నేను. ఆ మాట నాయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఊళ్లో అందరి సంగతులూ నా నోట్లోనే నానేవి. ఆ ఒక్క మాట మాత్రం కడుపులో దాచుకున్నాను.

ముఖమంటే కొయ్య ముఖం. మా నాయన వడ్రంగి. తమిళనాట మా రాజపాళయంలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో తలుపులు, బల్లలు, బండి చక్రాలు బాగుచేసేవాడు. అది పొట్టకూటి పని. తన పని అని ఆయన అనుకున్నది వేరే ఉంది. ఏటా చిత్తిర నెలలో మా వీధివాళ్లు తెల్లవార్లూ ఒక తెలుగు నాటకం ఆడేవాళ్లు. తాతలనాటిది. ఆడేవాళ్లకే సగం మాటలకు అర్థం తెలియదు. అయినా ఒక్క మాట తప్పితే ముసలివాళ్లు లేచి తిట్టేవాళ్లు. రాక్షసరాజు స్తంభాన్ని తన్నగానే, సరిగ్గా తెల్లారే వేళకు, నరసింహస్వామి బయటికి రావాలి. ఆ స్వామి ముఖం, రాజు కిరీటం, భుజాల మీది అద్దాల పలకలు అన్నీ మా నాయన చేసినవే.

నన్ను మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు. మా ఆయన ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ల అవతల. పెళ్లయినా నాకు పుట్టింటి పని తప్పలేదు. చింతగింజల జిగురు ఉడకబెట్టడానికి నాయన నా చేతిని తప్ప ఎవరి చేతినీ నమ్మేవాడు కాదు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, వెన్నలా రుబ్బి, సన్న సెగ మీద కలుపుతూనే ఉండాలి. ఒక్క ఉండ కట్టిందంటే కొయ్య మీద గుడ్డ నిలవదు. తేలికైన కొయ్యను తొలిచి, పాత చీర ముక్కలు ఆ జిగురుతో అతికి, పైన ఆల్చిప్పల సున్నం పూతలు పూసి, అవి ఆరాక రంగులు వేసేవాడు. అన్నిటికంటే చివర కళ్లు.

కళ్ల దగ్గర మాకొక కట్టుబాటు ఉంది. కళ్లు తెరిచేదాకా ముఖం మీద గుడ్డ కప్పి ఉంచాలి. తెరిచే రోజు నాయన తలకు పోసుకుని, ముఖానికి ఎదురుగా అద్దం నిలబెట్టి, తాను పక్కగా కూర్చుని గీత గీసేవాడు. ఆ ముఖం మొదట తన్ను తానే చూసుకోవాలి, మనిషిని కాదు. తర్వాత కొబ్బరికాయ కొట్టేవాళ్లం. కన్ను తెరవని ముఖం గడప దాటకూడదు. దాటితే ఆ ఇంటికి కన్నులాంటి బిడ్డొకడు దాని వెంట పోతాడని మావాళ్ల నమ్మకం. ఆ మాటను నేను అన్నంతో పాటు తిని పెరిగాను.

ఆ మిల్లుకు పత్తి కొనడానికి ఒక జపాన్ మనిషి వచ్చేవాడు. అప్పట్లో మా వైపు పత్తి చాలా మటుకు ఆ దేశానికే పోయేది. మిల్లు వెనక చిన్న బంగళాలో దిగేవాడు. పొట్టి మనిషి, తెల్ల సూటు, ఎండలో నల్ల గొడుగు. బేలు నుంచి చిటికెడు పత్తి లాగి, చేతికి చుట్టుకున్న నల్ల గుడ్డ మీద పరిచి, పోగు పొడుగు చూసి తల ఊపేవాడు. అందరూ జపాన్ దొర అనేవాళ్లు. అరకొర తమిళం మాట్లాడేవాడు, మా తెలుగు మాత్రం బొత్తిగా రాదు.

యూరపులో యుద్ధం మొదలైన ఏడాది, ఆ యుద్ధానికి కొన్ని నెలల ముందు, ఆయన మా నాటకం చూడటానికి వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు. చాప మీద మోకాళ్లు మడిచి తెల్లారేదాకా కదలకుండా కూర్చున్నాడు. మూడో రోజు మా ఇంటికే వచ్చాడు, చంకలో ఒక పెట్టెతో.

పెట్టె మీద గుడ్డ, లోపల సంచి, సంచిలో పట్టుగుడ్డ. ఇన్ని చుట్లు విప్పుతుంటే ఏదో నగ అనుకుని అమ్మ తొంగి చూసింది. లోపల ఒక ముఖం. మేము చేసే చేటంత ముఖాల పక్కన అది చిన్నపిల్ల. మనిషి ముఖం కంటే కూడా చిన్నది. పాలమీగడ రంగు. సన్నటి కనుబొమలు, బుగ్గల్లో సొట్టలు, కొంచెం విచ్చుకున్న పెదవులు. కళ్లు మాత్రం సగానికి వాలిపోయి, నడుమ బియ్యపు గింజ పట్టేంత కంత. దొర దాన్ని చెవుల దగ్గర, తాడు కట్టే చోట తప్ప ఎక్కడా ముట్టుకోలేదు. చేతిలోకి తీసుకోకముందే దానికి వంగి దండం పెట్టాడు. నాయనకు అది నచ్చింది.

"మనవాడేమ్మా వీడు," అన్నాడు నాతో మెల్లగా.

వాళ్ల దేశంలో ఇలాంటి పాత నాటకం ఉందట. దొర తండ్రి అందులో వేషం కట్టేవాడు. దొర కూడా నేర్చుకున్నాడు గానీ బతుకుదెరువు పత్తిలోకి లాక్కొచ్చింది. ఆ ముఖానికి పేరే 'పదహారు'. యుద్ధంలో తల తెగిన పదహారేండ్ల పిల్లవాడిది. వాడు చచ్చాక తిరిగి వచ్చి, దారిన పోయే ఒక సన్యాసికి తన చావు సంగతి చెప్పుకుని, నా కోసం దేవుణ్ణి వేడుకో అని అడుగుతాడట.

నాయన నవ్వి మా తమ్ముణ్ణి చూపించాడు. "వీనికీ పదహారే."

తమ్ముడూ నవ్వాడు. వాడి బుగ్గల్లోనూ సొట్టలు పడేవి. అమ్మ గబుక్కున వాడి తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. చచ్చినవాడి పక్కన బతికినవాణ్ణి నిలబెట్టి వయసు పోలుస్తారా అని ఆమె మంట. వాడు మా ఇంట్లో ఆఖరివాడు. మిల్లులో తూకం దగ్గర పని, నాటకంలో చిన్న చిన్న వేషాలు. ఎవరి నడకైనా రెండు నిమిషాల్లో దించేసేవాడు. దొర వెళ్లిన వెంటనే మోకాళ్లు మడిచి కూర్చుని, నల్ల గుడ్డ మీద పత్తి పరిచి తల ఊపి చూపించాడు. అమ్మ కోపం మరిచి పకపకా నవ్వింది.

మరో ఆదివారం మిల్లు పని లేనప్పుడు దొర పత్తి గోడౌనులో మాకు ఆడి చూపించాడు. నేల కడిగించి, నాలుగు మూలలా నాలుగు బేళ్లు నిలబెట్టించాడు. ముఖం కట్టుకున్నాక ఆ కంతల్లోంచి ఏమీ కనపడదట. ఆ నాలుగు బేళ్లను బట్టే తానెక్కడున్నాడో తెలుసుకోవాలట. మా రాజు వేషం అద్దాలు చివరి వరసలో కునికే ముసలమ్మను కూడా లేపాలని కుట్టేవి. దొర వేసుకున్న బట్టలు మాత్రం మనిషిని దాచెయ్యడానికి కుట్టినట్టుండేవి. ఒకదాని మీద ఒకటి అంగీలు, పైదాని మీద బంగారు పోగుతో ఆకులు. చేతుల చివర వేళ్లు కూడా సరిగా కనపడవు. ముఖం చిన్నది కనుక కింద ఆయన గడ్డం బయటికే ఉంది. తెల్ల మేజోళ్లతో నేల మీద నుంచి పాదం లేపకుండా జరుగుతున్నాడు. పాట కూడా కాదు, లోపల్నుంచి మూలుగు.

"కాలెత్తితే కూలి తగ్గిస్తారేమో," అన్నాను మా ఆయన చెవిలో.

అప్పుడు దొర తల కొంచెం వంచాడు. ఆ ముఖం ఏడ్చింది. కొంచెం ఎత్తాడు, నవ్వింది. మళ్లీ వంచాడు, మళ్లీ ఏడ్చింది. గీత మారలేదు, రంగు మారలేదు. నాయన లేచి నిలబడ్డాడు. ముప్పై ఏండ్లుగా కోరలు చెక్కి, నాలుకలు వేలాడదీసి, కనుగుడ్లు బయటికి పొడిచి తాను తెప్పించలేనిది ఈ అరచేతి కొయ్యలో ఎలా వచ్చిందని ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ ఏడు ఎండలు మరీ పాడు ఎండలు. చల్లటి దేశపు కొయ్య తట్టుకోలేక ఆ ముఖం నుదుటి నుంచి ఎడమ బుగ్గ దాకా చీలింది. దొర దాన్ని నాయన దగ్గరికే తెచ్చాడు. ముట్టుకోకుండా చీలిక వెంబడి వేలు ఆడించి "ఇది. ఇది మాత్రం" అన్నాడు. తన తండ్రి కట్టుకున్న ముఖమని రెండుసార్లు చెప్పాడు. ఓడకు పత్తి ఎక్కించే పని మీద తూత్తుకుడి పోయి ఎనిమిది రోజుల్లో వస్తానన్నాడు.

ఆ చీలికను అతికిన తీరు ఇప్పుడు తలచుకున్నా నాకు గర్వమే. నేను మూడుసార్లు జిగురు ఉడికించి రెండుసార్లు పారబోశాను. నాయన ఆ దేశపు తెల్లపూతను గోటితో గీకి, నాలుక మీద వేసుకుని చూసి, "ఇదీ ఆల్చిప్పే" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆరో రోజుకు చీలిక ఎక్కడుందో వెలుతురులో పట్టి చూసినా దొరకలేదు. ముఖాన్ని పట్టుగుడ్డలో చుట్టబోతున్నాడు. అక్కడ ఆగి ఉంటే అయిపోయేది.

"నాయనా, కన్ను?" అన్నాను.

"చీలిక మాత్రం అతకమన్నాడు కదమ్మా."

"ఆయనకేమి తెలుసు? కన్ను తెరవని ముఖం మన గడప దాటి పోతుంది. ఇంట్లో మగపిల్లవాడు ఉండాడు. నీ ఇష్టం మరి."

నాయన పట్టుగుడ్డ పక్కన పెట్టి ముఖాన్ని మళ్లీ వెలుతురులోకి తిప్పాడు. దొర చేసిన ఆట ఆయన మనసులో ఉంది. సగం వాలిన ఆ కళ్లు ఎందుకలా ఉన్నాయో ఆయనకు అంతో ఇంతో తెలిసే ఉంటుందని ఇప్పుడనుకుంటాను. నాకు తెలియలేదు. నాకు కనపడింది ఒక్కటే, ఎవరో పని సగంలో వదిలేసిన ముఖం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఆ రోజు మా ఇంటిని కాల్చింది.

మరుసటి రోజు నాయన తలకు పోసుకుని అద్దం పెట్టాడు. సన్న ఉలితో కంతలను గుండ్రంగా పెద్దవి చేశాడు. వాలిన రెప్పలను పైకి చెక్కాడు. కాటుకతో అంచులు గీసి, కొసల్లో ఎర్ర చుక్కలు పెట్టాడు. కొబ్బరికాయ నేనే తెచ్చి ఇచ్చాను.

దొర వచ్చి పట్టుగుడ్డ విప్పాడు. చెవుల దగ్గర పట్టుకుని ముఖాన్ని వంచాడు, ఎత్తాడు. అది ఏడవలేదు, నవ్వలేదు. మా అందరినీ కళ్లార్పకుండా చూసింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే మేలు. అలాగే నేల మీద కూర్చుండిపోయి, తనకొచ్చిన తమిళంలో మాటలు వెతుక్కుని చెప్పాడు.

"ఈ పిల్లవాడు చచ్చినవాడు. చచ్చినవాడికి ఇంత కన్ను లేదు. ఇప్పుడు లేచినాడు. నేను తీసుకుపోలేను. ఇక్కడ లేచినాడు, ఇక్కడే ఉండాలి."

దానికి దండం పెట్టి, మా గూట్లో తానే ఉంచి వెళ్లిపోయాడు.

నాయన వారం రోజులు ఉలి ముట్టలేదు. తండ్రి ముఖాన్ని పాడుచేశానని కుమిలిపోయాడు. ఆ సంగతి మిల్లులో ఎవరో దొరకు చెప్పారు. ఆయన మంచివాడు, అదే మా కొంప ముంచింది. నాయనను ఊరడించాలని మళ్లీ వచ్చాడు. సింగపూర్‌లో తన స్నేహితుడికి పెద్ద బట్టల కొట్టు ఉందని, తూకం, లెక్క తెలిసిన కుర్రవాడు కావాలని, మీ అబ్బాయికి చీటీ రాసిస్తానని అన్నాడు. వేరే ఎవరడిగినా నాయన 'సముద్రం దాటేదా, చాల్లే' అని గెంటేసేవాడు. ఈయన ముందు మాత్రం తల ఊపాడు. ఒకసారి చెప్పిన మాట వినక అంత చేశాను, రెండోసారి ఏ మొఖం పెట్టుకుని కాదంటాను అన్నాడు. తమ్ముడు ఎగిరి గంతేశాడు.

అమ్మ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. "ఒక చెక్కకు బదులు బిడ్డను ఇచ్చేస్తావా?" అని అడిగింది. ఆ తర్వాత ఏడేండ్లదాకా ఆమె నాయనతో నేరుగా ఇంకో మాట అనలేదు. నాయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

తమ్ముడు నాగపట్టణంలో ఓడ ఎక్కాడు. దొర జపాన్ అక్షరాల్లో రాసిచ్చిన చీటీని అమ్మ వాడి అంగీ లోపల కుట్టింది. రెండేండ్లు కడుదాసులు వచ్చాయి. కొట్టు యజమాని దగ్గర జపాన్ మాటలు నేర్చుకుంటున్నానని, అందరి నడకా దించి నవ్విస్తున్నానని రాసేవాడు. తర్వాత జపానుతో పత్తి బేరాలు ఆగిపోయాయి. దొర ఊరు విడిచి వెళ్లాడు. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి గూట్లోని ముఖానికి దండం పెట్టాడు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో నాకు తెలియదు. కొన్ని నెలలకే సింగపూర్ మీద బాంబులు పడ్డాయి. కడుదాసులు నిలిచిపోయాయి.

సింగపూర్ జపాన్ చేతికి పోయిన రోజు మా వీధిలో సంతోషపడింది మా అమ్మ ఒక్కతే. "దొర మనుషులే కదా. చీటీ చూపిస్తాడు, వాళ్లే చూసుకుంటారు," అంది. ఎదురింటామె కూడా "ఆమా అక్కా, నిజమే, నీ కొడుకుది రాజయోగం" అంది. అది ఎకసెక్కమో నిజమో నాకిప్పటికీ తెలియదు. అప్పటిదాకా ఆ ముఖం వైపే చూడని అమ్మ, ఆ రోజు గూట్లోంచి దించి దుమ్ము తుడిచింది. అప్పటి నుంచి రోజూ వేళకు చిన్న ఆకులో అన్నం తెచ్చి దాని ముందు పెట్టేది. "చూస్తా ఉండాడు. కన్ను తెరిచి ఉండేదాకా వానికేమీ కాదు," అనేది. నాయన కళ్లు తెరిచాడని తిట్టే నోటితోనే ఆ కళ్లను పట్టుకుని వేలాడింది.

ఒక మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. ఈ ఇంట్లో జపాన్ మనిషి ఇచ్చిన వస్తువేదో ఉందని ఎవరో చెప్పారట. నా కూతురు అప్పుడు ఆరు నెలల పిల్ల, చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. వాళ్లు వాకిట్లో చెప్పులు విప్పేలోపు అమ్మ ఆ ముఖాన్ని ఉయ్యాలలో, పిల్ల వీపు కింద దోపేసింది. నాయన పెట్టెలన్నీ తిరగేశారు. పత్తిగింజల బస్తాలో కర్ర దింపి చూశారు. స్వామి ముఖం మీది గుడ్డ తీసి, దాన్ని చూసి వెనక్కి జంకారు. వాళ్లు పోయాక పిల్లను ఎత్తితే వీపు మీద ముక్కూ పెదవులూ అచ్చుపడి ఎర్రగా ఉన్నాయి. నేను అమ్మను నానా మాటలూ అన్నాను. ఆమె ముఖాన్ని కొంగుతో తుడుస్తూ, "వానికి దెబ్బ తగల్లేదు," అంది. నా బిడ్డను అడగనేలేదు.

ఆ ఏడేండ్లూ నేను ఆ ఇంటికి రోజూ వెళ్లాను. నాయన మీద అమ్మ దుమ్మెత్తిపోస్తుంటే వింటూ గింజలు రుబ్బాను. ఇద్దరికీ మధ్య మాటలు మోసేది నేనే. 'నూనె అయిపోయిందని చెప్పు మీ నాయనకు', 'రేపు తెస్తానని చెప్పు మీ అమ్మకు'. ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడు రానీ, వాడి ముందే నవ్వుతూ చెప్పేస్తాను అనుకునేదాన్ని. వాడు వస్తే ఆ తప్పు తప్పే కాదు కదా.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు పక్కనున్న తళవాయిపురం మనిషి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై ఏండ్లు ఉంటాయేమో, అరవై ఏండ్లవాడిలా ఉన్నాడు. పిక్క మీద మానని పుండు. సయాం అడవుల్లో జపాన్‌వాళ్లు రైలుదారి వేయించిన చోట నుంచి బతికి వచ్చాడు. మజ్జిగ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నేల చూస్తూ చెప్పాడు.

"మీ తమ్ముడు చీటీ చూపించినాడక్కా. ఆ చీటీ చదివి వాణ్ణి పిలిచినారు. జపాన్ మాట తెలుసు కదా, కూలీలకు చెప్పడానికి పనికొస్తాడని మొదటి బండిలోనే ఎక్కించినారు. మేమంతా తర్వాత పోయినాము. చీటీ లేకుంటే వాడు సింగపూర్‌లోనే ఉండి ఉంటాడు."

అమ్మ స్తంభానికి ఆనుకుని వింటోంది. ఆమె ఇంకా ఏదో మంచి మాట వస్తుందని చూస్తోంది.

"అక్కడ అందరికీ జ్వరము. లేయలేక పండుకొని ఉంటే, వాడు వెదురు మట్ట కోసి, బొగ్గుతో గీసి, ముఖానికి కట్టుకొని స్వామి వేషం వేసినాడు. మా తెలుగువాళ్లము ఏడ్చినాము. తెలుగు తెలియనివాళ్లూ ఏడ్చినారు. నాలుగు రోజులు ఆడినాడు. అయిదో రోజు కాలరా వచ్చింది. సాయంకాలానికి అయిపోయింది. పావం, దాహం దాహం అన్నాడు. నీళ్లు ఇయ్యకూడదని చెప్పినారు, నేను ఇచ్చినాను. అందరితో కలిపి కాల్చినారు. ఎముక తెచ్చేకి కూడా ఏది ఎవరిదో తెలియదు."

ఆయన వెళ్లిపోయాక అమ్మ ఏడవలేదు. ఆకులో అన్నం పెట్టి ముఖం ముందుకు తీసుకుపోయింది. "ఆ వచ్చినాయన ఇంకెవరినో చూసినాడు," అంది. నెల దాటినా, రెండు నెలలు దాటినా అదే మాట. ఒళ్లు దొరకని చావుకు మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, తలకు కొబ్బరికాయ పెట్టి, దాన్ని కాల్చి కర్మ చెయ్యాలి. అది చేసేదాకా పోయినవాడికి దారి లేదని పెద్దలు వచ్చి చెప్పారు. అమ్మ వాళ్లను వాకిట్లోంచే పంపేసింది.

ఒక రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఆమె ముఖాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అన్నం ఆకు లేదు. దాని కళ్లలోకి చూసి, గోడ వైపు తిరిగి నాతో అంది.

"ఏడేండ్లుగా రెప్ప వెయ్యలేదు పావం. దాహం దాహం అని చూస్తా ఉండాడు. తెరిచిన చెయ్యే ముయ్యాలని చెప్పు మీ నాయనకు."

నాయన అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడు. తలకు పోసుకుని వచ్చి కూర్చున్నాడు. మా ఇంట్లో ఏ తరంలోనూ ఎవరూ కన్ను మూసి ఎరగరు. అద్దం ఎటు పెట్టాలో ఆయనకు తెలియలేదు. చివరికి బోర్లా పెట్టాడు. ఉలి తీసుకున్నాడు గానీ చెయ్యి వణికి ముఖం మీద ఆనలేదు. రెండోసారి, మూడోసారి. చొక్కా లేని ఆయన ఒళ్లంతా చెమట. అమ్మ ఓరకంట చూసి, మళ్లీ గోడకేసి తిరిగి, "తెరిచేటప్పుడు వణకలేదే," అంది.

ఇక ఉండలేకపోయాను.

"అమ్మా, తెరవమన్నది నేను. నాయన వద్దన్నాడు. నేనే విడవలేదు."

నాయన "ఊరుకోమ్మా" అన్నాడు. అమ్మ వెనక్కి తిరగలేదు. ఆమె వీపు మాత్రం కనపడుతోంది. అలాగే అంది.

"అయితే నువ్వే ముయ్యి."

ఆ రోజు జిగురు ఒక్కసారికే కుదిరింది. ఒక్క ఉండ కట్టలేదు. రంపం పొట్టు, ఆల్చిప్ప సున్నం కలిపి ముద్ద చేశాను. తడిగుడ్డతో కాటుక తుడిచాను. ఎర్ర చుక్కలను గోటితో గీకేశాను. పూర్తిగా మూసెయ్యలేదు. దొర అన్నది గుర్తుంది, చచ్చినవాడికి ఇంత కన్ను లేదు అని. పై రెప్పను ముద్దతో కిందికి దించుకుంటూ వచ్చి, బియ్యపు గింజ పట్టేంత మాత్రం ఉంచాను. దించుతున్నంతసేపూ తమ్ముడి కళ్లు నేనే మూస్తున్నానని తెలుసు. వాడు పోయినప్పుడు మూయడానికి అక్కడ ఎవరూ లేరు కదా అనుకుని చెయ్యి నిలుపుకున్నాను. ఎండలో పూత ఆరేలోపు పెద్దలు పురోహితుణ్ణి పిలిపించి, వాకిట్లో మోదుగాకుల బొమ్మ కట్టేశారు.

ముఖాన్ని అమ్మ చేతికి ఇచ్చాను. ఆమె దొర పట్టుకున్నట్టే చెవుల దగ్గర పట్టుకుంది. కొంచెం వంచింది. అది ఏడ్చింది. ఉలిక్కిపడి ఎత్తింది. అది నవ్వింది, బుగ్గల్లో సొట్టలతో, అచ్చం వాడిలా. అమ్మ నోట్లోంచి ఒక కేక వచ్చింది. మళ్లీ వంచింది, మళ్లీ ఎత్తింది. పురోహితుడు పొద్దెక్కుతోందన్నా వినలేదు. ఎన్నిసార్లు ఎత్తిందో. చివరికి నవ్వుతున్నట్టు పట్టుకునే తీసుకుపోయి, కొబ్బరికాయ మీద తానే కట్టింది. మగవాళ్లు బొమ్మను ఎత్తుకుపోయారు. అప్పుడు మొదలుపెట్టింది ఏడవడం.

మధ్యాహ్నం నాయన కర్మ ముగించి, స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. అమ్మ ఆయనకు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆయన ముఖంలోకి చూస్తూ "తినండి, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అంది. నాయన ముద్ద నోట్లో పెట్టుకోలేక ఏడ్చాడు. ఆమె ఆయన వీపు నిమిరింది.

తర్వాత నాకొక కంచం తెచ్చింది. గోడకేసి చూస్తూ "పెట్టినాను" అంది.